లోపటి దిక్కు చూసే సిస్టరమ్మ

సిస్టరమ్మ పోయిన సంగతి నాకు పన్నెండు రోజులు ఆలస్యంగా తెలిసింది. కంఠేశ్వర్‌లో మందుల షాపు ముందు నిలబడి ఉంటే, ఆమెతో కలిసి పనిచేసిన ఆయా కనబడింది. "సారుకు ఎర్కలేదా? కోటగిరిల మట్టి గూడ అయిపాయె," అంది. పూడ్చేదాకా నాకెవరూ కబురు చెయ్యలేదు. ఈ ఊళ్ళో నా ఫోన్ నంబరు లేని ఆఫీసు లేదు. అయినా ఆ రోజు ఒక్కరికీ నేను గుర్తు రాలేదు. దీని మీద ఎవరికి రాయాలో తెలియలేదు. అందుకని ఆమె గురించే రాస్తున్నాను.

పేరు రాయను. ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్ళను నేను చూడలేదు. డాక్టర్లు, ఊడ్చేవాళ్ళు, మూడేళ్ళ పిల్లలు, అందరికీ ఆమె సిస్టరమ్మే. ఆమె పనిచేసిన ట్రస్టు ఆస్పత్రి పేరు కూడా రాయను. అప్పటివాళ్ళు ఇప్పుడు అక్కడ లేరు. ఇప్పుడున్నవాళ్ళకు నేను చెప్పబోయే గొడవతో సంబంధం లేదు. నాకు కోపం ఎక్కువే గానీ, సంబంధం లేనివాళ్ళ మీద పెట్టుకోను.

పొట్టి మనిషి. నల్లటి చేతులకు చెరొక గాజు. డ్యూటీలో కూర్చుని ఉండగా నేనెన్నడూ చూడలేదు. జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ తొక్కు కూడా మంచం కమ్మీకి ఆనుకొని నిలబడే తినేది. సూది వేసేటప్పుడు చర్చి పాట ఏదో సన్నగా కూనిరాగం తీసేది. రెండో చరణం మొదలయ్యేటప్పుడు సూది దిగుతుందని పాతరోగులు కనిపెట్టి, ఆ సమయానికి పళ్ళు బిగించుకునేవాళ్ళు. ఇది తెలిసి ఆమె మొదటి చరణంలోనే దింపేసి, మిగతా పాట హాయిగా పాడుకునేది.

ఆమెకు ఒక అలవాటు ఉండేది. చేతికి ఏది వచ్చినా తిరగేసి చూసేది. దిండు గలీబు, టిఫిను మూత, ఫ్లాస్కు బిరడా, పసిపిల్లల టోపీ, ఏదైనా సరే. కొత్తగా వచ్చిన డాక్టరు తెల్లకోటు వేసుకొని గంభీరంగా రౌండ్లు తిరుగుతుంటే, వెనకనుంచి కాలరు మడత విప్పి చూసి, "డాక్టరు బాబూ, గిది రేపు ఉతకాలె," అనేసింది. పైకి శుభ్రంగానే ఉంది కదా అని ఆయన అంటే ఆమె చెప్పిన మాట, ఆ తర్వాత నేను వందసార్లు విన్నాను.

"పైకెల్లి సూస్తే ఏమెర్కయితది? లోపటి దిక్కు సూడాలె."

నాకూ ఆమెకూ పరిచయం గొడవతోనే మొదలైంది. అప్పుడు నేను బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ చెరకు విభాగంలో గుమాస్తాను. జ్వరమొచ్చి ఈ ఆస్పత్రికి వస్తే సూది వేసింది. మర్నాటికి వేసినచోట వాచింది. రెండు పేజీల ఫిర్యాదు, కార్బన్ కాపీతో సహా తీసుకెళ్ళి ఆమె చేతికే ఇచ్చాను. నిలబడి మొత్తం చదివింది. చదివి, వరండా అంతా వినేలా అంది.

"ఎడమ దిక్కు అని రాసిండ్రు సారు. నేను సూది ఏసింది కుడి దిక్కు. వాసింది గూడ కుడి దిక్కే. జెర దిద్దుండ్రి, సంతకం పెట్టి తీసుకుంట."

యాభై మంది నవ్వారు. అది తొందరలో జరిగిన పొరపాటు, అంతే. ఆ రోజు నుంచి ఆ ఆస్పత్రిలో నా పేరు అర్జీల సారు. ఆ యాభై మందిలో ఎవరెవరు నవ్వారో కొందరి పేర్లు నేను ఇప్పటికీ చెప్పగలను.

స్వైన్ ఫ్లూ వచ్చిన ఏడు, వినాయక చవితి ముందు, మా ఆవిడకు జ్వరం పట్టుకుంది. ఆమెకు ముందునుంచే ఆయాసం. రెండో రోజుకు మాట మధ్యలో ఊపిరి తీసుకోవడానికి ఆగవలసి వచ్చింది. అప్పటికి నేను రిటైరై కంఠేశ్వర్‌లో ఉంటున్నాను. ఆ ట్రస్టు ఆస్పత్రిలో పై అంతస్తులో జ్వరం వార్డు తెరిచారని తెలిసి తీసుకెళ్ళాను. మెట్ల దగ్గర ఆమెను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి పైకి తీసుకెళ్ళారు. నన్ను ఆపేశారు.

ఊరంతా అప్పుడు మూతులకు రుమాళ్ళు కట్టుకొని తిరుగుతోంది. కొందరు కర్పూరం మూటలు వాసన చూసుకునేవాళ్ళు. మందుల షాపుల్లో పలుచటి ఆకుపచ్చ మాస్కు ఒక్కోరోజు దొరికేది, ఒక్కోరోజు లేదు. మంచి మాస్కు వేరే ఉంది. దాని పేరు ఎన్-95. బోర్లించిన గిన్నెలా ఉంటుంది కనక వరండాలో అందరూ గిన్నె మాస్కు అనేవాళ్ళు. అది మాత్రం షాపుల్లో కంటికి కనిపించలేదు. హైదరాబాదు నుంచే రావడం లేదన్నారు.

ఆస్పత్రి నియమం ఏమిటంటే, గిన్నె మాస్కు లేనివాళ్ళు వార్డులోకి వెళ్ళకూడదు. ఈ నియమంతో నాకు పేచీ లేదు. కానీ రోగుల వెంట వచ్చినవాళ్ళకు గిన్నె మాస్కు ఇవ్వరు. అంటే ఎవరూ వెళ్ళలేరు. లోపల పన్నెండు మంచాలకు ఇద్దరు నర్సులు. వార్డు తలుపుకు ఒక అద్దం బిళ్ళ ఉంది. అందులోంచి మా ఆవిడ మంచం కనిపించేది. బల్లమీది నీళ్ళ గ్లాసు కోసం ఆమె చెయ్యి చాచడం, అందక చెయ్యి దించేయడం, మళ్ళీ చాచడం నేను చూశాను. అద్దం మీద కొట్టాను. ఆమెకు వినబడలేదు.

గిన్నె మాస్కులు ఉండేవి. ట్రస్టు సెక్రటరీ గదిలో ఇనుప బీరువాలో డబ్బాలకు డబ్బాలు. డాక్టర్లకూ నర్సులకూ వారానికి రెండు. మిగతావి కమిటీ మెంబర్లకు, వాళ్ళ ఇళ్ళవాళ్ళకు. సెక్రటరీ డ్రైవరు ఒకటి గడ్డం కిందికి లాక్కొని చాయ్ తాగుతుంటే నా కళ్ళతో చూశాను. నేరుగా ఆయన గదిలోకి వెళ్ళాను.

"ఉన్నయి డాక్టర్లకే సాలుతలేవు సార్," అన్నాడు సెక్రటరీ.

"మీ డ్రైవరు ఎప్పుడు డాక్టరు అయిండు?"

"గట్ల మాట్లాడకుండ్రి. పల్చటియి ఉన్నయి గద, అవి తీసుకోండ్రి. అవి గూడ మాస్కులే. ఏం ఫరక్ లేదు."

"ఫరక్ లేకుంటే దాంతోనే నన్ను లోపలికి పంపుండ్రి."

"రూల్ ఒప్పుకోదు."

ఆయన చెడ్డవాడేమీ కాదు. భయపడ్డాడు. ఆ గదిలో ఒక్కడే కూర్చొని కూడా గిన్నె మాస్కు తియ్యలేదు. అయినా ఆ 'ఫరక్ లేదు' అన్న మాటను అప్పుడే చిన్న పుస్తకంలో రాసుకున్నాను.

వరండాలో కూర్చొని నాలుగు పేజీల అర్జీ రాశాను. సోమవారం కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకుంటారు. అది శుక్రవారం. సిస్టరమ్మ డ్యూటీ దిగి వస్తూ నన్ను చూసి ఆగింది. చెయ్యి చాచింది. కాగితాలు ఇచ్చాను. చదవడానికి ముందు తిరగేసి వెనక చూసింది.

"వెనక ఏముంటది?" అన్నాను.

"ఏం లేదనే సూస్తున్న. మాటలైతే మస్తున్నయి సారు. సాక్ష్యం ఏది? పల్చటిదానికి గిన్నెదానికి ఫరక్ ఉన్నదని మీరంటరు, లేదని సెక్రటరీ సారంటడు. మళ్ల కుడి, ఎడమ లెక్కయితది."

అన్ని సంవత్సరాల తర్వాత కూడా ఆ మాట తీసింది. నేను కాగితాలు లాక్కోబోయాను. ఆమె వదలలేదు.

"కోపం తర్వాత చేసుకోండ్రి. ముందు నాతోని పసుపు గిర్నికి రాండ్రి."

ఆటోలో కూర్చున్నాక చెప్పింది. వాళ్ళమ్మ ముప్కాల్ వైపు పసుపు కొమ్ములకు మెరుగుపెట్టే డ్రమ్ముల దగ్గర కూలిపని చేసేదట. డ్రమ్ము తిరుగుతుంటే లేచే దుమ్ముకు మనిషి కనిపించదు. ఆడవాళ్ళు మూతికి గుడ్డ కట్టుకునేవాళ్ళు. "సాయంత్రం మా అవ్వ గుడ్డ ఇప్పి నా చేతికిచ్చేది. లోపటి దిక్కు ఎక్కడ పచ్చగయిందో సూసి చెప్పాలె. ముక్కు పక్కన పచ్చగుంటె, తెల్లారి ఆడ గట్టిగ కట్టుకునేది. దగ్గు మాత్రం పోలే. కానీ దుమ్ము ఏ తొవ్వల వస్తదో మా అవ్వకు తెలిసినంత మన డాక్టర్లకు తెల్వది సారు."

ఆ వారం ఆమెకు ఇచ్చిన రెండు గిన్నె మాస్కుల్లో, ఇంకా వాడనిది ఒకటి తీసి నాకు ఇచ్చింది. తాను పలుచటిది కట్టుకుంది. మార్కెట్ యార్డు వెనక, పసుపు కొమ్ములు పిండి పట్టే ఆ గిర్నిలో గాలి కూడా పచ్చగా ఉంది. గిర్నిలో పనిచేసే ఒకామె మమ్మల్ని చూసి, "ఏంది సిస్టరమ్మా, సారును గూడ పిండి పట్టిస్తవా?" అని అరిచింది. "ఎండలె ఇంక, పచ్చిగున్నడు," అంది సిస్టరమ్మ. ఆమెకు వాచీ అవసరం లేదు. నాలుగు పాటలు పూర్తిగా కూనిరాగం తీసి, చాలు పదండి అంది.

బయటికి వచ్చి ఆమె తన మాస్కు విప్పింది. లోపల ముక్కుకు రెండు వైపులా పసుపు చారలు. తెల్ల గుడ్డతో ముక్కు చీదితే గుడ్డ పచ్చబడింది. నాకు సంతోషం ఆగలేదు. నా గిన్నె మాస్కు విప్పాను.

అదీ పచ్చగా ఉంది. నా ముక్కు కూడా.

అక్కడే ఒక సంచిమీద కూర్చుండిపోయాను. సెక్రటరీ మాటే నిజమైంది. ఫరక్ లేదు. గిన్నె మాస్కు చేసిన కంపెనీ మీద రాస్తానని ఏదో గొణిగాను. సిస్టరమ్మ వినడం లేదు. మాస్కును వెలుగుకు తిప్పి లోపల చూస్తోంది.

"నడుమ తెల్లగనే ఉన్నది సూడుండ్రి. ముక్కు కాడ తెల్లగున్నది. ఈ రెండు దవడల కాడ, గదుమ కింద పచ్చగయింది." తలెత్తి నా మొహం చూసింది. "మాస్కు మంచిగనే ఉన్నది సారు. దుమ్ము మీ గడ్డంలకెల్లి పోయింది. వెంట్రుకలుంటె అంచు చర్మానికి అతకదు."

ఆ గడ్డం సంగతి ఊరికంతా తెలుసు. రెండేళ్ళ కింద మా కాలనీ సంఘం మీటింగులో ప్రెసిడెంటు నన్ను "లేచి పో" అన్నాడు. లెక్కలడిగినందుకు కాదు, లెక్కలు రెండోసారి అడిగినందుకు. ఆయన అందరి ముందూ మాఫీ అడిగేదాకా గడ్డం తియ్యనని అక్కడే చెప్పి లేచాను. అప్పటికి అది ఛాతీ మీదికి వచ్చింది.

"తియ్యను," అన్నాను.

మళ్ళీ ఆటో ఎక్కి ఆస్పత్రికి వచ్చాం. వరండాలో ఒక ముసలాయన తస్బీ పూసలు తిప్పుకుంటూ కూర్చొని ఉన్నాడు. కొడుకు లోపల ఉన్నాడు. ఆయనకూ తెల్లటి నిండు గడ్డం. సిస్టరమ్మ ఆయన పక్కన వంగి, మాస్కులు వస్తే మీ కోడల్ని పంపండి, మీరు అద్దం దగ్గర ఉండండి అని వచ్చీరాని ఉర్దూలో చెప్పింది. ఆయన తలూపాడు. నాకు మండిపోయింది.

"ఆయనను తియ్యమని చెప్పవేంది? నాకొక్కనికేనా రూలు?"

"ఆయన దేవుని కోసం పెంచుకున్నడు సారు. మీరు కాలనీ ప్రెసిడెంటు కోసం పెంచుకున్నరు."

అని లోపలికి వెళ్ళబోతూ ఆగింది. "ఆయన బదులు పోతందుకు కోడలున్నది. మీ ఆమెకు మీ బదులు ఎవరున్నరు?"

మాకు పిల్లలు లేరు. అది ఆమెకు తెలుసు.

తలుపు అద్దం దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. మా ఆవిడ కళ్ళు మూసుకొని ఉంది. పెదవులు ఎండి తెల్లగా ఉన్నాయి. గ్లాసు బల్లమీదే ఉంది. ఎవరో నిండుగా పోశారు, ఎవరూ తాగించలేదు. తర్వాత రోడ్డు దాటి మంగలి షాపులోకి వెళ్ళాను.

"ఏం సారు, ప్రెసిడెంటు మాఫీ అడిగిండా?" అన్నాడు మంగలి, కత్తెర చేతిలోకి తీసుకుంటూనే.

"అడగలేదు."

"మరి?"

"నువ్వు తియ్యి."

ఆ మనిషి ఇంతవరకూ అడగలేదు. ఆ సంగతి వేరు.

శనివారం మధ్యాహ్నం మళ్ళీ గిర్ని ముందు సిస్టరమ్మ నా మొహం చూసి, "మీకు దవడలు ఉన్నయని ఎర్కనే లేదు," అంది. సంచిలోంచి రెండో గిన్నె మాస్కు తీసింది. అది ఆమె డ్యూటీలో పెట్టుకోవలసినది. ఇంకొకటి లేదు. వద్దన్నాను. "పట్టుండ్రి," అంది. అంచు చుట్టూ వేలితో నొక్కి, ముక్కు మీది రేకు వంచి, గట్టిగా ఊదమని, గాలి ఎక్కడైనా పోతోందా అని తన చెయ్యి పెట్టి చూసింది. నేను ఒక్కణ్ణే గిర్ని లోపలికి వెళ్ళాను. గుమ్మం బయట ఆమె నాలుగు పాటలు పాడింది. బయటికి వచ్చి విప్పాను. మాస్కు మీద వేలెడు మందం పసుపు, లోపల తెల్లగా. ముక్కు చీదాను. గుడ్డ తెల్లగా.

"గిది సాక్ష్యం," అంది.

నాలుగు పేజీలు కొట్టేసి సగం పేజీ చేశాను. అలా రాయడం నాకు కష్టం. సెక్రటరీ డ్రైవరు ప్రస్తావన కూడా తీసేయించింది. కింద 'జతపరచినవి: మాస్కులు రెండు' అని రాశాను. ఆమె పక్కన నిలబడి ఇంకొక వాక్యం చెప్పింది, అది కూడా రాశాను: 'దయచేసి లోపలి వైపు చూడగలరు.'

ఆ సాయంత్రం నుంచి మంగళవారం దాకా ఆమె పలుచటి మాస్కు కట్టుకొని, దాని అంచులన్నిటికీ ప్లాస్టరు అంటించుకొని వార్డులో పనిచేసింది. ప్లాస్టరు తీసినప్పుడల్లా చర్మం లేచి, చెంపల మీద ఎర్రటి గీతలు పడ్డాయి. ఆస్పత్రి మాస్కులు బయటివాళ్ళకు ఎందుకిచ్చావని సెక్రటరీ పిలిచి అడిగాడట. "నా ముక్కు కోసం ఇచ్చిండ్రు. నా ముక్కు, నా ఇష్టం," అన్నదట. ఆయా చెప్పింది.

సోమవారం అర్జీలు తీసుకునే ఆఫీసరు నా వెనక ఉన్న లైను చూసి విసుగ్గా చెయ్యి చాచాడు. కాగితానికి పిన్ను కొట్టిన రెండు మాస్కులు వేలాడుతుంటే, "ఇదేందయ్యా?" అన్నాడు. సగం పేజీయే కనక చదివాడు. చివరి వాక్యం చదివి మాస్కులు రెండూ తిరగేశాడు. పలుచటిది చూశాడు. గిన్నెది చూశాడు. మళ్ళీ పలుచటిది చూశాడు. ఇన్నేళ్ళలో నా అర్జీని ఒక ఆఫీసరు రెండోసారి చూడటం నేను చూసింది అదొక్కసారే.

"ఎక్కడ చేసిండ్రు ఇది?"

"పసుపు గిర్నిలో."

ఆయన ఫోను తీశాడు. బుధవారానికి, జ్వరం వార్డు ఉన్న ఏ ఆస్పత్రిలోనైనా ఒక్కో రోగి వెంట ఒక్కరికి గిన్నె మాస్కు ఇవ్వాలని ఉత్తరువు వచ్చింది. బీరువాలోని డబ్బాలు కిందికి దిగాయి. ఇంకొన్ని జీపులో వచ్చాయి. డ్రైవరు గడ్డం కింద మాత్రం మళ్ళీ రుమాలు చేరింది.

ఆ తర్వాత నేను సిస్టరమ్మను రెండుమూడుసార్లే చూశాను. ఒకసారి బోధన్ బస్టాండులో నా స్వెటరు కాలరు తిరగేసి, కుట్టు విడిచిందని చెప్పి, సూదీ దారం తీసి నిలబెట్టే కుట్టింది. అంతా చూస్తున్నారు, నాకు నామోషీగా ఉంది. కానీ కదల్లేదు. నాకు కృతజ్ఞతలు చెప్పడం సరిగా రాదు. ఆమె కూడా దానికి సందు ఇచ్చే మనిషి కాదు.

ఆ బుధవారం మధ్యాహ్నం, మెట్లమీద పన్నెండు మందిమి వరసగా నిలబడ్డాం. సిస్టరమ్మ ఒక్కొక్కరికీ మాస్కు పెట్టి, అంచు చుట్టూ వేలు తిప్పి, ఊదమని, చెయ్యి అడ్డం పెట్టి చూసి పంపింది. తస్బీ ముసలాయన కోడలి వంతు వచ్చినప్పుడు, "భయపడకు బిడ్డా, మంచిగ అతికింది," అంది. నా వంతు వచ్చింది. నొక్కింది. చూసింది. దారి ఇచ్చింది.

మా ఆవిడ మంచం పక్కన స్టూలు వేసుకున్నాను. ఆమె కళ్ళు తెరిచి, కొంతసేపు చూసి, "ఎవరు?" అంది.

"నేనే."

"ఇన్ని దినాలు యాడికి పోయినవ్? బయట ఎవలతోనో కొట్లాడుతున్నవనుకున్న."

"కొట్లాడే వచ్చిన."

"గెలిచినవా?"

"ఆఁ."

"అయితే నీళ్ళియ్యి," అంది.

అవతలి మంచం దగ్గరనుంచి సిస్టరమ్మ గొంతు వినిపించింది. "సారూ, మాటలు తక్కువ. మాట్లాడితె అంచు లేస్తది."

నేను నోరు మూసుకున్నాను. ఒక చెయ్యి మా ఆవిడ తల కింద పెట్టి లేపి, గ్లాసు పెదవులకు ఆనించాను. కొంచెం తాగుతుంది, ఊపిరి తీసుకుంటుంది, మళ్ళీ కొంచెం తాగుతుంది. గ్లాసు ఖాళీ అయ్యేదాకా అలాగే పట్టుకున్నాను.